తగని నోట దేవుని మాట: ఫ్లానరీ ఓకానర్ కథల్లో ప్రవక్తలు

సభకు నమస్కారం.

ఆధునిక కథానికలో ప్రవక్తల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు ముందుగా తోచినది మాత్రం చాలా పాత కథ. బైబిలు పాత నిబంధనలో, సమూయేలు రెండవ గ్రంథం పన్నెండో అధ్యాయంలో ఉంది. దావీదు రాజు తన సైనికుడైన ఊరియా భార్యను తెప్పించుకొని, ఆ ఊరియాను యుద్ధంలో ముందు వరసలో నిలబెట్టించి చంపించాడు. రాజును తప్పుపట్టడానికి నాతాను ప్రవక్త వెళ్ళాడు. వెళ్ళినవాడు నీతి బోధతో మొదలుపెట్టకుండా కథ ఎత్తుకున్నాడు. ఒక ఊళ్ళో ఒక ధనవంతుడు, ఒక దరిద్రుడు ఉన్నారు. ధనవంతుడికి గొర్రెల మందలూ పశువులూ లెక్కలేనన్ని. దరిద్రుడికి ఉన్నది ఒక్కటే ఆడగొర్రెపిల్ల. అది అతని బిడ్డలతోపాటు పెరిగి, అతని ముద్దలో తిని, అతని గిన్నెలో తాగి, అతని ఒళ్ళో పడుకునేది. ధనవంతుడి ఇంటికి చుట్టం వచ్చాడు. తన మందలోంచి ఒకదాన్ని కోయడానికి చేతులు రాక అతను ఆ పేదవాడి గొర్రెపిల్లను పట్టుకొచ్చి వండించాడు. కథ విన్న దావీదు మండిపడి, అలాంటివాడు చావదగినవాడే అన్నాడు. అప్పుడు నాతాను అన్నది ఒకే ముక్క: "ఆ మనుష్యుడవు నీవే."

కథానిక ఎలా పనిచేయాలో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. వింటున్నంతసేపూ శ్రోత తానే న్యాయాధిపతినని అనుకుంటాడు. తీర్పు తన నోటితోనే చెప్పేస్తాడు. చెప్పాక ఆ తీర్పు తన మెడకే చుట్టుకుందని తెలుసుకుంటాడు. ప్రవక్తకూ కథకుడికీ ఉన్న చుట్టరికం ఇదే. ఆ చుట్టరికాన్ని ఇరవయ్యో శతాబ్దంలో అందరికన్నా గట్టిగా పట్టుకున్న రచయిత్రి, నా లెక్కలో, అమెరికా దక్షిణాదికి చెందిన ఫ్లానరీ ఓకానర్. ఈ ప్రసంగాన్ని ఆమె కథలకే, అందులోనూ ముఖ్యంగా మూడింటికే పరిమితం చేస్తాను. టాల్‌స్టాయ్‌తో మొదలుపెట్టి పదిమంది రచయితలను తలా ఒక వాక్యంతో పలకరించి రావచ్చు. దానివల్ల జాబితా తప్ప మరేదీ మిగలదు.

కథల్లోకి వెళ్ళేముందు 'ప్రవక్త' అనే మాట గురించి కొంచెం. మన చెవికి ఈ మాట పడగానే రాబోయేది చెప్పే మనిషి గుర్తుకొస్తాడు. పోతులూరి వీరబ్రహ్మం పేరు చెబితే కాలజ్ఞానమే ముందు తలపుకు వస్తుంది. ఆయన కులాన్నీ డాంబికాన్నీ దులిపిన సంగతి తర్వాతెప్పుడో వస్తుంది. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు పచ్చికుండ మీద నిలబడి అమ్మవారి పలుకు వినిపించే రంగం ఘట్టానికి జనం వెళ్ళేది కూడా వానలు పడతాయా, పంటలు పండుతాయా అని తెలుసుకోవడానికే. అయితే ఆ పలుకులను శ్రద్ధగా విన్నవారికి తెలుసు, వాటిలో రేపటి కబురుతోపాటు ఇవాళ్టి నిష్ఠూరం కూడా ఉంటుంది: నన్ను మరిచిపోయారు, మొక్కిన మొక్కు తీర్చలేదు, నా పేరు చెప్పి మీ వేడుక మీరు చేసుకుంటున్నారు అని. బైబిలు ప్రవక్తలు ఈ నిష్ఠూరానికి దగ్గరివాళ్ళు. ఆమోసు గాని, యిర్మీయా గాని జాతకం చెప్పేవారు కారు. ఎదురుగా నిలబడిన మనిషికి అతని ముఖం అతనికి చూపించేవారు. పైగా వాళ్ళలో చాలామంది ఆ పనికి తగినవారిగా లోకానికి కనబడలేదు. ఆమోసు పశువులు కాచుకునేవాడు, మేడిపండ్లు ఏరుకునేవాడు. యోనా అయితే పని చెప్పగానే ఓడెక్కి పారిపోయాడు. తగినవాడి నోట తగిన మాట రావడంలో కథ ఏముంది? తగనివాడి నోట రావడంలోనే కథ ఉంది. ఓకానర్ ప్రవక్తలందరూ ఈ తగనివాళ్ళే.

ఆమె 1925 మార్చి 25న జార్జియా రాష్ట్రంలోని సవన్నా పట్టణంలో క్యాథలిక్ కుటుంబంలో పుట్టింది. ఆమెకు పదిహేనేళ్ళప్పుడు తండ్రి లూపస్ అనే జబ్బుతో పోయాడు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఒంటిమీదే తిరగబడే జబ్బు అది. అయోవా విశ్వవిద్యాలయంలో రచనా శిక్షణ పొంది, ఉత్తరాదిలో రచయిత్రిగా స్థిరపడబోతున్న సమయంలో, 1950 చివర, అదే జబ్బు ఆమెకూ వచ్చింది. అక్కడి నుంచి మిల్లెడ్జ్‌విల్ దగ్గర అండలూసియా అనే పాడి క్షేత్రంలో తల్లితో ఉంటూ, రోజూ ఉదయం కొన్ని గంటలు రాసుకుంటూ, మిగతా పొద్దు నెమళ్ళను సాకుతూ, చివరి ఏళ్ళు చంకకర్రల మీద నడుస్తూ గడిపింది. 1964 ఆగస్టు 3న, ముప్ఫై తొమ్మిదో ఏట మరణించింది. రెండు నవలలు, రెండు కథా సంపుటాలు, కొన్ని వ్యాసాలు, సంచులకొద్దీ ఉత్తరాలు. మొత్తం జీవితపు పని ఇంతే. 1971లో ముప్ఫై ఒక్క కథలతో వచ్చిన సంపూర్ణ సంపుటానికి మరుసటి ఏడు అమెరికా జాతీయ గ్రంథ పురస్కారం ఇచ్చారు.

ఆమె క్యాథలిక్కు, చుట్టూ ఉన్నది ప్రొటెస్టంట్లయిన బాప్టిస్టుల, ఊరూరా తిరిగే సువార్త ప్రచారకుల లోకం. ప్రతి ఆదివారం పూజకు వెళ్ళే ఈ చదువరి తన కథల్లో మాత్రం పోపునూ బిషప్పులనూ పెట్టలేదు. చదువురాని పల్లె బోధకులను, బైబిళ్ళు అమ్మే మోసగాళ్ళను, జైలునుంచి తప్పించుకున్నవాళ్ళను పెట్టింది. తన దక్షిణాది క్రీస్తును కేంద్రంగా పెట్టుకున్న ప్రాంతమని చెప్పలేం గాని, క్రీస్తు దయ్యంలా పట్టి వదలని ప్రాంతమని మాత్రం చెప్పవచ్చని ఆమె ఒక వ్యాసంలో రాసింది. పట్టింది ఎవరైనా, పట్టినది వదలకపోవడమే కథకు కావలసిన సంగతి. అదే చోట ఆమె ప్రవక్తకు ఒక నిర్వచనం కూడా ఇచ్చింది: దూరాన ఉన్న వస్తువును దగ్గరగా, దగ్గరున్న వస్తువును దాని దూరపు అర్థాలతో సహా చూడగలిగే వాస్తవికవాదే ప్రవక్త అని. వాస్తవికవాది అన్న మాటను గమనించండి. తన కథల్లోని వింత మనుషులను చూసి వికృతమని ముఖం చిట్లించేవాళ్ళకు ఆమె ఇచ్చిన సమాధానం కూడా ప్రసిద్ధమే: చెవుడు ఉన్నవాడితో గట్టిగా అరవాలి, చూపు మందగించినవాడికి పెద్ద పెద్ద బొమ్మలు గీయాలి.

మొదటి కథ 1953 నాటిది, పేరు 'ఎ గుడ్ మ్యాన్ ఈజ్ హార్డ్ టు ఫైండ్'. మంచి మనిషి దొరకడం కష్టం అని అర్థం. అట్లాంటా నుంచి ఒక కుటుంబం కారులో ఫ్లోరిడాకు బయలుదేరుతుంది. కొడుకు, కోడలు, ముగ్గురు పిల్లలు, నాయనమ్మ. నాయనమ్మ మర్యాదస్తురాలు, దారిలో ప్రమాదం జరిగి తాను చచ్చిపడినా చూసినవాళ్ళకు ఈవిడ పెద్దింటి ఆవిడని తెలియాలని టోపీ, పూలగుత్తి పెట్టుకుని మరీ కూర్చుంటుంది. కొడుక్కి తెలియకుండా పిల్లిని బుట్టలో దాచి తెస్తుంది. తాను చిన్నప్పుడు చూసిన ఒక పాత బంగళా దగ్గర్లోనే ఉందని పిల్లలను రెచ్చగొట్టి కారును మట్టిదారి పట్టిస్తుంది. ఆ బంగళా ఈ రాష్ట్రంలోదే కాదని ఆమెకు హఠాత్తుగా గుర్తొస్తుంది. ఉలిక్కిపడి కాలు తన్నడంతో పిల్లి బుట్టలోంచి ఎగిరి కొడుకు భుజమెక్కుతుంది, కారు బోల్తా పడుతుంది. ఇంతవరకూ హాస్యకథే. చదువుతూ మనం నవ్వుతూనే ఉంటాం. అప్పుడు మిస్‌ఫిట్, అంటే ఎక్కడా ఇమడనివాడు, అని పేపర్లో పడిన హంతకుడు ఇద్దరు అనుచరులతో వచ్చి ఆగుతాడు. నాయనమ్మ ఊరుకోకుండా, నువ్వు ఫలానావాడివి కదూ అని గుర్తుపట్టేస్తుంది. ఆ ఒక్క మాటతో అందరి చావూ ఖాయమవుతుంది.

ఒక్కొక్కరినీ అడవిలోకి తీసుకెళుతున్నారు, తుపాకి చప్పుళ్ళు వినిపిస్తున్నాయి, ఇక్కడ నాయనమ్మా హంతకుడూ దేవుడి గురించి మాట్లాడుకుంటున్నారు. నువ్వు మంచివాడివి, మంచి రక్తం నీది, ప్రార్థన చెయ్యి అని ఆమె బతిమాలుతుంది. ఆమెకు యేసు పేరు ప్రాణం దక్కించుకునే ఉపాయం మాత్రమే. మిస్‌ఫిట్‌కు అలా కాదు. చనిపోయినవారిని లేపినవాడు యేసు ఒక్కడే, అలా చేసి లోకపు తూకం మొత్తం తలకిందులు చేశాడు అంటాడతను. నిజంగా లేపి ఉంటే మనిషి చేయవలసింది అన్నీ వదిలేసి ఆయన వెంట నడవడమే. లేపి ఉండకపోతే మిగిలిన నాలుగు నిమిషాలూ ఎవరినైనా చంపో, ఎవరి ఇల్లైనా తగలబెట్టో గడపడమే. మధ్యలో ఇంకో దారి లేదంటాడు. ఆ రోజున నేనక్కడ ఉండి ఉంటే నిజమేదో తెలిసేది, ఇలా తయారయ్యేవాణ్ణి కాదు అంటాడు. ఈ కథలో మతాన్ని చావో బతుకో తేల్చుకోవలసిన విషయంగా తీసుకున్నవాడు హంతకుడొక్కడే. మిగతావాళ్ళకు అది ఆదివారం వేసుకునే మంచిబట్ట. తాను చేసిన తప్పులకూ అనుభవించిన శిక్షకూ పొంతన కుదరకనే ఆ పేరు పెట్టుకున్నానని కూడా అతను చెబుతాడు. ఇక్కడ ఒక పక్కమాట: ఈ కథను తెలుగు చేసేవారికి పెద్ద చిక్కు మిస్‌ఫిట్ నోటి భాష. అతను జార్జియా పల్లె మాటతీరులో మాట్లాడతాడు. పుస్తకాల తెలుగులో పెడితే మనిషి పీలగా అయిపోతాడు. ఏదో ఒక జిల్లా యాసలో పెడితే హంతకుడికి ఆ జిల్లాను అంటగట్టినట్టవుతుంది.

అతని గొంతు జీరపోయిన ఆ క్షణంలో, ఏడవబోతున్నట్టు వంకరపోయిన ఆ ముఖం తన ముఖానికి దగ్గరగా కనబడిన క్షణంలో, నాయనమ్మ తల తేటపడుతుంది. నువ్వూ నా బిడ్డల్లో ఒకడివే అంటూ చెయ్యి చాచి అతని భుజం తాకుతుంది. పాము కరిచినట్టు వెనక్కి ఎగిరి అతను మూడు గుళ్ళు ఆమె ఛాతీలోకి కాలుస్తాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు. జీవితంలో ప్రతి నిమిషమూ కాల్చడానికి ఎవరో ఒకరు పక్కన ఉండి ఉంటే ఈమె మంచి మనిషే అయ్యేదని అనుచరుడితో అంటాడు. నాతాను "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడే, దానికి ఇది తిరగేసిన రూపంలా నాకు కనబడుతుంది. ఇక్కడ నువ్వు నావాడివే అన్న మాట తప్పుచేసినవాడికి శిక్షగా రాలేదు, చుట్టరికంగా వచ్చింది. ఆ చుట్టరికాన్ని అతను భరించలేకపోయాడు.

ఈ కథ గురించి 1963లో వర్జీనియా రాష్ట్రంలోని హోలిన్స్ కళాశాలలో మాట్లాడుతూ ఓకానర్ ఒక విచిత్రమైన ఆశ వ్యక్తం చేసింది. ఆ ముసలావిడ చేసిన చిన్న స్పర్శ సువార్తలోని ఆవగింజలా అతని గుండెలో పడి, ఎదిగి, కాకులతో నిండిన పెద్ద చెట్టై, అతణ్ణి బాధపెట్టి బాధపెట్టి, అతను కావలసి ఉన్న ప్రవక్తగా మారుస్తుందని అనుకోవడం తనకు ఇష్టమని చెప్పి, అది వేరే కథ అని ఆపేసింది. మత్తయి సువార్త చదివినవారికి ఆవగింజ ఉపమానం తెలిసినదే. అక్కడ చెట్టు కొమ్మల మీద వాలేవి ఆకాశ పక్షులు. ఓకానర్ వాటిని కాకులను చేసింది. పరలోక రాజ్యపు చెట్టు మీద కావుకావుమంటూ గోలచేసే కాకులు: ఆమె విశ్వాసపు రుచి మొత్తం ఆ మార్పులో ఉందనిపిస్తుంది నాకు. కృప అంటే ప్రశాంతత అని ఆమె ఒక్క కథలోనూ చెప్పలేదు.

'ద రివర్' లాంటి కథల్లో బోధకుడే నేరుగా వస్తాడు. నదిలో నిలబడి బాప్తిస్మమిచ్చే ఆ కుర్రబోధకుడి మాటను అక్షరాలా నమ్మిన పసివాడు మర్నాడు క్రీస్తు రాజ్యాన్ని వెతుక్కుంటూ అదే నదిలో మునిగిపోతాడు. కథగా బలమైనదే, కాని రచయిత్రి చెయ్యి అందులో కొంచెం ఎక్కువ కనబడుతుందని నా అభిప్రాయం. 'ఎ సర్కిల్ ఇన్ ద ఫైర్' దీనికన్నా నాకు ఇష్టం. తన అడవి ఎక్కడ తగలబడుతుందోనని నిత్యం భయపడే ఒక భూస్వామినికి, పట్నం నుంచి వచ్చిన ముగ్గురు ఆకలిగొన్న కుర్రాళ్ళు ఆ అడవినే అంటించి చూపిస్తారు. మంటల నడుమ వాళ్ళ కేరింతలు దూరానికి ఎలా వినిపిస్తాయంటే, దానియేలు గ్రంథంలో దూత ఏర్పరచిన వలయంలో, అగ్నిగుండంలో ప్రవక్తలు నాట్యం చేస్తున్నట్టు వినిపిస్తాయి. రాజు అగ్నిగుండంలో పడేయించిన షద్రకు, మేషాకు, అబేద్నెగోల కథను ఆదివారపు బడిలో విన్న పిల్లలు దాన్ని దేవుడు భక్తులను కాపాడిన కథగా వింటారు. ఇక్కడ మనం ఆ కొలిమి సొంతదారు పక్షాన నిలబడి వింటున్నాం.

రెండో కథ 'పార్కర్స్ బ్యాక్'. ఆమె చివరి నెలల్లో, ఒళ్ళు పూర్తిగా కూలిపోతుండగా రాసింది. మరణం తర్వాత 1965లో అచ్చయింది. పేరులోనే శ్లేష ఉంది: పార్కర్ వీపు అని ఒక అర్థం, పార్కర్ తిరిగొచ్చాడు అని ఇంకో అర్థం. తెలుగులో రెండూ ఒక మాటలో పట్టవు. పద్నాలుగేళ్ళప్పుడు పార్కర్ ఒక సంతలో నఖశిఖపర్యంతం పచ్చబొట్లున్న మనిషిని చూస్తాడు. అప్పటిదాకా తాను ఉన్నానన్న సంగతిలో ఆశ్చర్యపడవలసినదేమైనా ఉందని అతనికి తోచనే లేదు. అక్కడినుంచి ఒళ్ళంతా పచ్చబొట్లు వేయించుకుంటూ పోతాడు. పులి, గద్ద, పాము, రాజులు, రాణులు. వేయించుకున్న ప్రతిదీ నెల తిరక్కుండా వెలవెలబోతుంది. తనకు కనబడదు కాబట్టి వీపు మాత్రం ఖాళీగా ఉంచుకున్నాడు. శారా రూత్ అనే బోధకుడి కూతుర్ని పెళ్ళాడాడు. ఆమెకు రంగంటే పాపం, బొమ్మంటే పాపం, చర్చి భవనం కూడా విగ్రహారాధనే. అతని పేరులోని ఓ.ఈ. అనే పొడి అక్షరాల వెనక ఓబద్యా ఎలీహు అనే రెండు బైబిలు పేర్లు దాగున్నాయి. మొదటివాడు ప్రవక్త, రెండోవాడు యోబుతో వాదించిన యువకుడు. ఆ పేర్లంటే పార్కర్‌కు సిగ్గు.

ఒకరోజు పొలంలో ట్రాక్టరు నడుపుతూ నడిమధ్యన ఉన్న ఒంటి చెట్టుకు గుద్దుతాడు. ఎగిరి అంత దూరాన పడి చూస్తే ట్రాక్టరూ చెట్టూ మంటల్లో ఉన్నాయి, అతని కాళ్ళకుండవలసిన చెప్పులు రెండూ ఆ మంటల్లోనే ఉన్నాయి. నిర్గమ కాండం తెలిసిన పాఠకుడికి ఇక వివరణ అవసరం లేదు. మండుతున్న పొద ముందు మోషే చెప్పులు విడిచాడు, ఇతని చెప్పులను దేవుడే ఊడబెరికాడు. ఒట్టి కాళ్ళతో పార్కర్ పట్నానికి పోయి పచ్చబొట్టు వేసేవాడి పుస్తకంలో దేవుడి బొమ్మలన్నీ తిరగేస్తాడు. చిరునవ్వుల క్రీస్తులు, వైద్యుడి దయగల క్రీస్తులు అన్నీ దాటిపోయాక, ఒక పేజీలో సూటిగా చూసే కళ్ళున్న, పాత తూర్పు రోమన్ సామ్రాజ్యమైన బైజాంటియం నాటి క్రీస్తు కనబడతాడు. పేజీ తిప్పేస్తాడు. ఆ కళ్ళు వెనక్కి పిలుస్తాయి. రెండు రోజులపాటు ఆ ముఖం అతని వీపు మీద చుక్క చుక్కగా పొదగబడుతుంది.

ఇక్కడ తెలుగువాళ్ళం ఒక క్షణం ఆగవచ్చు. దేవుణ్ణి ఒంటిమీద మోయడం మనకు కొత్తది కాదు. వీరశైవుల మెడలోని లింగకాయ, వైష్ణవుల భుజాల మీద కాల్చి వేసే శంఖచక్రాల ముద్రలు, పల్లెల్లో అవ్వల చేతుల మీద పచ్చబొట్టుగా రాముడి పేరు, ఇవన్నీ మన కళ్ళ ముందున్నవే. వాటికి ఎదురుగా శిలను దేవుడంటారేమిటని వెక్కిరించిన వేమన గొంతూ మనదే. ఓకానర్ ఈ రెండు పక్షాలనూ ఒక గుడిసె గుమ్మంలో భార్యాభర్తలుగా నిలబెట్టింది. తెల్లవారుజామున పార్కర్ తలుపు తట్టి, ఎవరంటే ఓ.ఈ. అంటాడు, అలాంటివాడెవడూ నాకు తెలియదంటుంది ఆమె. చివరికి తాళపుచెవి కన్నంలోంచి తన అసలు పేరును గొణుగుతాడు. ఆ పేరు పలికిన క్షణాన సాలెగూడులాంటి అతని ఆత్మలోకి వెలుతురు ప్రవహించి, చెట్లూ పక్షులూ జంతువులూ ఉన్న తోటగా మారుతుంది. ఒంటిమీద ఎన్ని బొమ్మలు పొడిపించుకున్నా కుదరని తోట. అతను చొక్కా విప్పి వీపు చూపిస్తాడు. ఇతనెవరో నేనెరగనంటుంది. దేవుడే అంటాడు. దేవుడికి రూపం లేదు, ఆయన ఆత్మ, ఇది విగ్రహారాధన అంటూ చీపురు తీసుకుని వీపు మీద కొడుతుంది, క్రీస్తు ముఖం మీద వాతలు తేలేదాకా. సిద్ధాంతం ఆమె పక్షాన ఉంది. దెబ్బలు తిన్న క్రీస్తు అతని పక్షాన ఉన్నాడు. కథ చివరలో పార్కర్ పెరట్లో చెట్టుకు ఆనుకుని పసిబిడ్డలా ఏడుస్తుంటాడు. ఇతను ఒక్క ప్రవచనం కూడా చెప్పలేదు. చెప్పవలసింది వీపు మీద రాసుకుని మోశాడు. తనకు మాత్రం ఆ రాత కనబడదు.

తెలుగు కథలో దీనికి సాటి ఏదని మిత్రులు అడుగుతుంటారు. గురజాడ 'మీ పేరేమిటి?' కథలో శైవ వైష్ణవుల పోటీనీ నిప్పుల గుండాన్నీ పెట్టారు, కాని ఆయన చూపు సంస్కర్త చూపు; మూఢత్వం మీద నవ్వు అక్కడి ప్రధాన స్వరం. ఆ తర్వాత కూడా మన కథకుల్లో ఎక్కువమంది దొంగ స్వామిని బయటపెట్టడానికి కలం పట్టారు, లేకపోతే నిజ స్వామికి చేతులు జోడించారు. దొంగే నిజం చెబితే ఏమవుతుందన్న ప్రశ్న, నాకు తెలిసినంతలో, మన కథ అరుదుగా వేసుకుంది. ఇంకో దిక్కున, ఈజిప్టు రచయిత నగీబ్ మహఫూజ్ 'జాబలావి' అనే కథలో మరో దారి చూపించాడు. మందులేని జబ్బు పట్టిన మనిషి జాబలావి అనే సిద్ధపురుషుణ్ణి వెతుక్కుంటూ కైరో వీధుల్లో లాయరునూ, పాతపుస్తకాలవాణ్ణీ, అందమైన దస్తూరీ రాసే కళాకారుణ్ణీ, సంగీతకారుణ్ణీ దాటుకుంటూ చివరికి ఒక సారా దుకాణంలో తేలతాడు. తాగి నిద్రపోతాడు. లేచేసరికి తల తడిసి ఉంటుంది. నువ్వు పడుకున్నప్పుడు ఆయన వచ్చి, నీ తల మీద నీళ్ళు చల్లుతూ కూర్చుని వెళ్ళిపోయాడని పక్కవాడు చెబుతాడు. మహఫూజ్ ప్రవక్త మనం మెలకువగా ఉన్నప్పుడు రాడు. ఓకానర్ ప్రవక్త మనల్ని నిద్రపోనివ్వడు.

మూడో కథ పేరు 'రెవెలేషన్'. తెలుగు బైబిల్లో చివరి గ్రంథానికి పెట్టిన 'ప్రకటన' అన్న పేరే దీనికీ సరిపోతుంది. 1964లో, ఆమె పోవడానికి కొద్ది నెలల ముందు అచ్చయింది. రూబీ టర్పిన్ అనే లావుపాటి, ఓపికగల, శుభ్రమైన, పదిమందికి సాయం చేసే రైతు ఇల్లాలు భర్త కాలిపుండుకు కట్టు కట్టించడానికి డాక్టరు దగ్గరకు వచ్చి, రోగులు కూర్చునే ఇరుకుగదిలో కూర్చుంటుంది. కూర్చున్నవారందరినీ తరగతులుగా విడదీసుకుంటుంది. రాత్రి నిద్రపట్టకపోతే కూడా ఆమె చేసే పని అదే: అడుగున నల్లవాళ్ళు, పక్కనే తెల్లవాళ్ళలో అలగాజనం, వాళ్ళ పైన సొంత ఇల్లున్నవాళ్ళు, ఆపైన తనలాంటి ఇల్లూ పొలమూ ఉన్నవాళ్ళు, వాళ్ళ పైన ఇంకా ఉన్నవాళ్ళు. ఈ మెట్లు ఎక్కడో ఒకచోట తిరగబడతాయి. డబ్బున్న నీచులు, ఆస్తి ఉన్న నల్లవాళ్ళు అడ్డొచ్చి లెక్క చెడిపోతుంది, ఆమెకు నిద్రపడుతుంది. మెట్ల లెక్క తెలిసిన దేశం మనది. ఈ పేరాను తెలుగు పాఠకులు ఎవరి సాయమూ లేకుండా చదవగలరు. తనను ఇలా పుట్టించినందుకు యేసయ్యకు వందనాలు అని ఆమె పైకే అంటుండగా, ఎదురుగా కూర్చుని ఇంతసేపూ గుర్రుగా చూస్తున్న, ముఖమంతా మొటిమలున్న కాలేజీ పిల్ల చేతిలోని లావుపాటి పుస్తకం విసిరి ఆమె కంటిమీద కొడుతుంది, మీదపడి గొంతు పట్టుకుంటుంది. ఆ పిల్లకు మత్తుసూది ఇస్తుండగా మిసెస్ టర్పిన్ వంగి, ఏదో దైవవాక్యం కోసం ఎదురుచూస్తున్నట్టు, నాతో ఏం చెప్పదలచుకున్నావని అడుగుతుంది. నువ్వు వచ్చిన నరకానికే పో, ముసలి అడవిపందీ అంటుంది ఆ పిల్ల. పుస్తకం పేరు 'హ్యూమన్ డెవలప్‌మెంట్', మానవ వికాసం. పిల్ల పేరు మేరీ గ్రేస్. గ్రేస్ అంటే కృప.

ఈ కథ గొప్పతనం మిసెస్ టర్పిన్ ఆ మాటను పట్టించుకోవడంలో ఉంది. పిచ్చిపిల్ల ఏదో వాగిందని గదిలో అందరూ అంటారు. ఆమెకు మాత్రం తెలుసు, అలగాజనం అంతమంది ఉండగా ఆ మాట వెతుక్కుంటూ తన దగ్గరికే వచ్చిందని. సాయంత్రం పందుల దొడ్డి దగ్గర నిలబడి, నీళ్ళ గొట్టంతో పందులను కడుగుతూ, దేవుడితో తగువు పెట్టుకుంటుంది. పందినీ నేనూ ఒకేసారి ఎలా అవుతాను? చివరికి, నువ్వెవరనుకుంటున్నావు అని ఆకాశం వైపు అరుస్తుంది. ఆ అరుపు పొలాల మీదుగా పోయి, అడవికి తగిలి, జవాబులా అదే ప్రశ్న తిరిగొస్తుంది. పొద్దుగుంకే వేళ ఆకాశంలో ఒక వంతెన, దాని మీద నేలనుంచి స్వర్గానికి వెళుతున్న జనసమూహం. అలగాజనం ముందున్నారు, తెల్లబట్టల్లో నల్లవాళ్ళు, అవిటివాళ్ళు, పిచ్చివాళ్ళు గంతులేస్తూ కేకలేస్తూ పోతున్నారు. ఆ ఊరేగింపు తోకలో తనలాంటివాళ్ళు, శ్రుతి తప్పకుండా పాడుతూ, క్రమంగా నడుస్తూ. వాళ్ళ ముఖాలు చూస్తే, వాళ్ళ సుగుణాలు కూడా కాలిపోతున్నాయని తెలుస్తోంది.

ఓకానర్ మీద అభ్యంతరాలు చాలా ఉన్నాయి. ఆమె తెలియకుండా సైతాను పక్షాన మాట్లాడుతోందని తోటి రచయిత జాన్ హాక్స్ ఆమె బతికుండగానే రాశాడు. దానికి ఆమె పెద్దగా కంగారుపడలేదు. దీనికన్నా బరువైన అభ్యంతరం జాతి విషయంలో ఉంది. ఆమె ఉత్తరాల్లో నల్లవారి గురించి, పౌరహక్కుల ఉద్యమం గురించి చదవడానికి కష్టమైన మాటలున్నాయి. 1959లో, న్యూయార్క్‌లో ఉంటున్న నాటకకర్త మిత్రురాలు మేరియట్ లీ, నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్‌ను జార్జియాలో కలుస్తావా అని అడిగితే, న్యూయార్క్‌లోనైతే సంతోషమే గాని ఇక్కడ కుదరదు, నేను ఈ సమాజపు తిండి తింటున్నాను కాబట్టి దాని ఆచారాలు పాటిస్తానని జవాబిచ్చింది. 2020లో మేరీల్యాండ్‌లోని లొయోలా విశ్వవిద్యాలయం ఒక వసతిగృహానికి ఉన్న ఆమె పేరును తీసేసింది. ఈ సంగతులను పక్కనపెట్టి కథలను మెచ్చుకోవాలనే పద్ధతి నాకు నచ్చదు. ఆ కథలే అందుకు ఒప్పుకోవు. తగని నోటినుంచి కూడా మాట వస్తుందని రాసిన మనిషి తన నోటికి మినహాయింపు అడగలేదు. ఆకాశంలోని ఆ ఊరేగింపును ఊహించిన కలమూ, బాల్డ్విన్‌ను ఇంటికి పిలవలేనని రాసిన కలమూ ఒకటే. మనుషుల మెట్ల లెక్కను అంత సూక్ష్మంగా రాయడానికి దాన్ని దూరంనుంచి చూసి ఉండటం సరిపోదు. ఆ మెట్లమీద నిలబడి ఉండాలి.

రూబీ టర్పిన్‌ను చెడ్డ ఆడదానిగా చదివినవాళ్ళతో ఓకానర్ ఏకీభవించలేదు. పందుల దొడ్డి మీదుగా దేవుడితో అరవాలంటే చాలా పెద్ద మనిషై ఉండాలి, ఆమె పల్లెటూరి ఆడ యాకోబు అని రాసింది. బైబిల్లో యాకోబు రాత్రంతా దేవుడితో పెనుగులాడినవాడు. ఆ ఉత్తరం 1964 మే నెలలోది. రాసింది మేరియట్ లీకే. ఆ వేసవిలోనే, ఆస్పత్రికీ ఇంటికీ మధ్య తిరుగుతూ అదే స్నేహితురాలికి రాసిన ఉత్తరాల్లో తన పేరు పెట్టవలసినచోట ఆమె 'మిసెస్ టర్పిన్' అని సంతకం చేసింది.